రాళ్లచింత కింద మిగిలిన రాయి

గూళ్లకొండ మొదట్లో, కాలిబాట పైకి తిరిగే మలుపులో రాళ్లచింత ఉందే, దాని కిందికి పొద్దు వాలాక ఈ ఊళ్లో ఎవరూ పోరు. కాయ రాలి నేలంతా పరుచుకున్నా ఏరుకునే దిక్కుండదు. మేకలు కూడా ఆ నీడ దాకా వచ్చి పక్కకు తిరుగుతాయి, వాటికెవరు చెప్పారో ఏమో. మధ్యాహ్నం మీరు మోటారుసైకిళ్లు నిలబెట్టి ఫొటోలు తీసుకున్నది అక్కడే కదా? పర్వాలేదు, పగలు ఏమీ కాదు. కూర్చోండి నాయనా, ఆ ఉడకబెట్టిన శనక్కాయలు చల్లారకముందే తినండి, పొట్టు అరుగు కిందికి వేయండి, పొద్దున ఊడుస్తారు. అమ్మణ్ణీ, నువ్వు ఆ దుప్పటి కప్పుకో, మన దగ్గర చలి ఉన్నట్టుండి దిగుతుంది.

రేపు సాయంత్రం కొండెక్కి పొద్దుగూకేది చూస్తామంటున్నారు. చూడండి, తప్పేముంది? దానికి ఈ కొండ మీద మూడు చోట్లున్నాయి. కిందది దొనగట్టు. దొన అంటే రాతిలో దానంతటదే పడిన గుంట, వానాకాలం నీళ్లు ఎండాకాలం మొదలయ్యేదాకా అందులో నిలుస్తాయి. ఆ నీళ్ల పక్కన కూర్చుంటే పొద్దు రెండుసార్లు గూకుతుంది, పైన ఒకటి, లోపల ఒకటి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అదే మేలు. దాని పైన ఏనుగుబండ. వెనక నుంచి చూస్తే పడుకున్న ఏనుగే, ముందు నుంచి చూస్తే ఏమీ లేదు, ఉత్త బండ. దాని వీపు మీద పెళ్లివారంతా కూర్చోవచ్చు, గాలి బాగా కొడుతుంది, కింద చెరువులన్నీ తోమిన రాగిపళ్లేల్లాగా వరసగా మెరుస్తాయి. ఇంక మూడోది ఎర్రబండ, అన్నిటికన్నా పైన, అంచున. ఈ చుట్టుపక్కల కొండలన్నిట్లో పొద్దు చివరి వరకూ నిలబడేది దాని మీదే. నిజం చెప్పాలంటే మూడింట్లోకి అందమైనది అదే, ఇప్పుడు చెప్పేది కూడా దాని సంగతే.

వెనకటికి ఈ కొండకు ఒక పద్ధతి ఉండేది. ఎక్కేవాళ్లు ఎవరైనా సరే, కట్టెలకు పోనీ, గడ్డికి పోనీ, ఊరికే గాలికి పోనీ, ఆ చింతచెట్టు మొదట్లో ఒక రాయి పెట్టి పోవాలి, దిగి వచ్చేటప్పుడు దాన్ని తీసి అవతల పారేయాలి. ఎందుకంటారా? చీకటి పడ్డాక చెట్టు కింద రాయి కనబడిందంటే ఎవరో ఇంకా పైన ఉండిపోయారని అర్థం, అప్పుడు ఊరంతా కాగడాలు పట్టుకుని ఎక్కాలి. రాయి లేకపోతే కొండ ఖాళీ, ఎవరి అన్నం వాళ్లు తినొచ్చు. ఇందులో ఒకటే కట్టుబాటు. ఎవరి రాయి వాళ్లే పెట్టాలి, ఎవరి రాయి వాళ్లే తీయాలి. అమ్మ కదా అని బిడ్డది పెట్టకూడదు, మొగుడు కదా అని పెళ్లాంది తీయకూడదు. చంకలో పాపాయి అయినా సరే, దాని చేతిలో రాయి పెట్టి, దాని చేత్తోనే కింద పెట్టించాలి. ఈ చివరి మాట మొదట్లో లేదు, తర్వాత వచ్చింది, ఎందుకొచ్చిందో చెబుతా.

ఇంక ఆ రోజుల్లో ఈ ఊరికి ఒక నర్సమ్మ వచ్చింది, సత్యవేణి అని, గోదావరి అవతల నుంచి. భర్తకు ఓడరేవులో పని, వచ్చినప్పుడు వచ్చినట్టు. పిల్లలు ఇద్దరు, పెద్దది హైమ, చిన్నవాడు వాసు. ఆవిడ మాటకు ముందు అండీ, మాట చివర అండీ, సూది గుచ్చేటప్పుడు కూడా కొంచెం ఓర్చుకోండి అనేది, మన ముసలివాళ్లు ఆ మర్యాదకే సగం నయమయ్యేవాళ్లు. పనిమంతురాలు, మంచి మనిషి, కానీ భయం ఎక్కువ. పిల్లలకు నీళ్లు ఇవ్వబోతూ, కాచానా అని తనను తానే అడిగేది, కాచానని చెప్పుకునేది, మళ్లీ పోయి బిందె ముట్టుకుని చూసేది. గడియ పెట్టి పడుకునేది, లేచి పోయి మళ్లీ గడియ చూసేది. మనవాళ్లనే వాళ్లెవరూ దగ్గర లేని చోట పిల్లల్ని పెంచేవాళ్లకు ఆ భయం ఉంటుంది నాయనా, తప్పు పట్టలేం. బిడ్డకు జ్వరమొస్తే పక్కింటి తలుపు కొట్టడానికి కూడా ముందుగా మాటలు కూర్చుకోవాలి కదా? ఇంక ఆవిడకు అన్నిటికన్నా పెద్ద అలవాటు ఒకటుండేది. సంతకు పోనీ, గుడికి పోనీ, బయల్దేరే ముందు పిల్లల తలల మీద చెయ్యేసి లెక్కపెట్టేది. ఉండేదే ఇద్దరు, చూస్తే తెలీదా అని పక్కింటి రాజమ్మ నవ్వేది. కళ్లు మోసపోవచ్చునండీ రాజమ్మగారూ, చెయ్యి మోసపోదు అనేదంట ఆవిడ. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

చలికాలం ఒక సాయంత్రం పిల్లలు ఆవిడ ప్రాణం తీశారు, కొండెక్కి పొద్దుగూకేది చూడాలని. వాళ్ల ఊళ్లో పొద్దు వరిచేలో గూకుతుంది, అరుగు మీద కూర్చుని చూసేదే, పైకెక్కి చూడటమంటే వాళ్లకు కొత్త. సరే, రాజమ్మ చీపురుగడ్డి కోసుకోవడానికి ఎటూ పోతోంది, తోడుంటుంది కదా అని ఆవిడ కూడా బయల్దేరింది. నీళ్ల చెంబు, తువ్వాలు, దెబ్బ తగిలితే మందు, పాము కరిస్తే కట్టడానికి గుడ్డ, అన్నీ సర్దింది. ఇవన్నీ మోసుకుని పైకి పోయేది పొద్దు చూడ్డానికా, కాపరం పెట్టడానికా అన్నదంట రాజమ్మ.

చింతచెట్టు దగ్గర రాజమ్మ తన రాయి పెట్టి పద్ధతి చెప్పింది. హైమ ఒక పలకరాయి పెట్టింది, సత్యవేణి ఒకటి పెట్టింది. వాసుకేమో దారిలో నిమ్మకాయంత తెల్లరాయి దొరికింది, లోపల చక్కెర పలుకులు మెరిసినట్టు మెరిసేది. దాన్ని వదలమంటే వాడు ఏడ్చాడు. దిగేటప్పుడు నీదే కదరా, నువ్వే తీసుకుందువు గానీ అని రాజమ్మ సముదాయించింది. అప్పుడు తీసుకెళ్లి వేళ్ల సందులో జాగ్రత్తగా దాచి, పైన ఒక ఆకు కప్పి వచ్చాడు. నాలుగడుగులు వేశారో లేదో సత్యవేణికి మనసు మనసులో లేదు. అంత చిన్న రాయి, గాలికి దొర్లితే? మేక కాలు తగిలితే? దానికి తోడు ఆకు కూడా కప్పాడు, రేపు ఏదన్నా జరిగి వీడు పైన ఉండిపోతే ఊళ్లోవాళ్లకు ఎట్లా కనబడుతుంది? చెప్పు సరిచేసుకుంటున్నట్టు వెనకబడి, గబగబా తిరిగి వచ్చి, సగం టెంకాయంత నల్లరాయి ఒకటి ఎత్తి, వాసు రాయి పక్కనే పెట్టింది. ఇది కూడా వాడిదే అనుకుంది. రాజమ్మతో చెబితే నవ్వుతుందని చెప్పలేదు.

చూశారా? పెట్టింది ప్రేమతోనే. ఇంకో ఊళ్లో అయితే ఇట్లాంటి తప్పు జరగడానికి వీలే లేదు, అక్కడి కొండలకు రాళ్ల లెక్క లేదు కదా.

రాజమ్మ దొనగట్టు దగ్గర గడ్డికి ఆగిపోయింది. ఏనుగుబండ దాకా పోయి చూసి రాండి, అది దాటి ఇంకా పైకి మాత్రం వద్దు నర్సమ్మా అని చెప్పింది. ఎందుకండీ అంటే, వద్దంటే వద్దు అంతే, దిగినాక చెబుతా అన్నది. పిల్లల ముందు చెప్పే మాట కాదని ఆగింది పాపం. సరే, ఏనుగుబండ మీద కూర్చున్నారు. కానీ చలికాలంలో పొద్దు దక్షిణానికి జరుగుతుంది కదా, పక్క కొండ భుజం అడ్డమొచ్చింది, చూస్తూ ఉండగానే తలుపేసినట్టు వెలుగు పోయింది. పిల్లల మొహాలు వాడిపోయాయి. అప్పుడు హైమ పైకి చూపించిందంట, అమ్మా, అక్కడ ఇంకా ఎండ ఉంది చూడు, బండంతా ఎర్రగా ఉంది, పరిగెత్తితే మళ్లీ పట్టుకోవచ్చు అని. నిజమే, కింద పోగొట్టుకున్న పొద్దును పైకెక్కి మళ్లీ పట్టుకోవచ్చు, కొండకు ఆ సుఖం ఉంది. ఆవిడ వద్దంది, మళ్లీ వద్దంది, ఆ తర్వాత పిల్లల మొహాలు చూసి, సరే, చూసిన వెంటనే దిగిపోవాలి అంది.

ఇక్కడ ఒక పాత మాట చెప్పాలి, రాజమ్మ దాచిపెట్టుకున్నది. సత్యవేణి ఈ ఊరికి రావడానికి ఎంతో ముందు, ఒకామె నడకా మాటలూ వచ్చిన ఆడబిడ్డను చంకలో వేసుకుని గడ్డికి పోయింది. చంకలో పిల్లకు వేరే రాయెందుకని తనది ఒక్కటే పెట్టింది. ఎర్రబండ మీద బిడ్డను కూర్చోబెట్టి, కదలొద్దు, పొద్దును చూస్తూ ఉండు, అది గూకేలోగా వస్తానని చెప్పి, కింది పల్లంలోకి గడ్డికి దిగింది. తిరిగొచ్చేసరికి బిడ్డ లేదు. ముందు దిగినవాళ్లతో పోయిందేమోనని పరుగున కిందికి వచ్చింది, రాగానే అలవాటుగా తన రాయి తీసి పారేసింది. ఆ తర్వాత ఊళ్లో బిడ్డ కనపడలేదని గగ్గోలైంది, పెద్దమనుషులు లాంతరు పట్టుకుని చెట్టు కింద చూశారు. రాయి లేదు. కొండ ఖాళీ అన్నారు. బావులు వెతికారు, చేలు వెతికారు, సంతకు పోయే బండ్లు ఆపి వెతికారు, కొండ మాత్రం ఎక్కలేదు. తల్లి ఎంత చెప్పినా, రాయి లేదు కదమ్మా అన్నారు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, పద్ధతిని నమ్మినవాళ్లు. ఆ తల్లి తర్వాత ఎన్నాళ్లో బతకలేదు. అప్పటినుంచే చంటిబిడ్డ చేత కూడా రాయి పెట్టించాలనే మాట వచ్చింది. ఇంక ఎర్రబండ మీద పొద్దు చూసినవాళ్లకు పక్కన ఎవరో వచ్చి కూర్చున్నట్టు ఉండేదంట. ఎవరినీ ఏమీ చేయదు. దిగేటప్పుడు వెనకాలే చెట్టు దాకా వస్తుంది, తన రాయి కోసం వెతుక్కుంటుంది, ఉండదు, మళ్లీ పైకి పోతుంది. రాయి పెట్టని మనిషి లెక్క ప్రకారం కొండెక్కనే లేదు, ఇంక దిగేదెట్లా చెప్పండి?

ఇదేదీ తెలియకుండా సత్యవేణి అక్కడ కూర్చుంది. పొద్దు ఎట్లా ఉందంటారా, పండిన బొప్పాయి పండు కోసి పెట్టినట్టు ఉంది. కింద పల్లెల్లో పొయ్యిల పొగ అడ్డంగా పరుచుకుంది, గొర్రెల మందల దుమ్ము బంగారపు రజనులా లేచింది, చాలా దూరంలో రైలు ఒకటి చప్పుడు లేకుండా పోయింది. ఈ ఊరికి వచ్చాక మొదటిసారి ఆవిడకు గుండె కుదుటపడింది. చాలాసేపు ఏ భయమూ గుర్తుకు రాలేదు. పొద్దు చివరి గీత కూడా పోయాక, ఇంక పదండి అని, ఆకాశం నుంచి చూపు తిప్పకుండానే, అలవాటుగా తలలు లెక్కపెట్టింది. హైమ. వాసు. ఆ పక్కన ఇంకో తల. చేతికి ఎండుగడ్డిలాంటి జుట్టు తగిలింది, చల్లగా. సరే, అందరూ ఉన్నారు అనుకుంది. భయస్తులకు పిల్లలు ఒకరు తక్కువైతే గుండె ఆగుతుంది గానీ, ఒకరు ఎక్కువైతే ఏమవుతుంది?

హైమ ముందు నడిచింది. సత్యవేణి వెనక, మసకచీకట్లో దారి మీదే చూపు పెట్టి, చిన్న చెయ్యి పట్టుకుని. ఆ చెయ్యి చల్లగా ఉంటే చలికి అనుకుంది. మాట్లాడకుండా నడుస్తుంటే అలిసిపోయాడనుకుంది. దొనగట్టు దగ్గర రాజమ్మ గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని కలిసి ముందుకు పోయింది. నెత్తిన మోపున్న మనిషికి వెనక్కి తిరిగి చూడటం కుదరదు కదా, అందుకే ఆమెకూ తెలియలేదు.

చెట్టు దగ్గర రాజమ్మ మోపుతోనే వంగి తన రాయి తీసి పారేసింది. హైమ పలకరాయి తీసింది. సత్యవేణి తనది తీసింది. అప్పుడు ఆ చిన్న చెయ్యి ఆవిడ చేతిలోంచి జారింది, రెండు చిన్న చేతులు ఆ నల్లరాయిని ఎత్తి, అవతలికి విసిరేశాయి. ఇంక పోదామని ఆవిడ తిరగబోతూ ఉంటే వేళ్ల సందులో ఆకు గాలికి లేచింది, కింద తెల్లరాయి కనబడింది. ఇంకొకటుందే అన్నది రాజమ్మ. ఆవిడ ఏమనుకుందో తెలుసా? వాడికి రెండు ఉన్నాయి, ఒకటి వాడు తీశాడు, ఇది మిగిలింది, నేను పెట్టిన తప్పుకు నేనే తీసేస్తా అనుకుని చెయ్యి చాపింది. ఆ రాయి తీసి ఉంటే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు, చెట్టు కింద ఏమీ ఉండదు, కొండ ఖాళీ. కానీ చెయ్యి రాయి దాకా పోయి ఆగింది. ఆ తెల్లరాయి కోసం అంత ఏడ్చినవాడు దాన్ని వదిలేసి నల్లరాయి ఎందుకు తీస్తాడు?

తిరిగి చూసింది. చిరిగిన పావడా, చెప్పుల్లేని కాళ్లు, చిన్న ఆడపిల్ల.

రాజమ్మ నెత్తిన మోపు కింద పడింది. పలకొద్దు నర్సమ్మా, చెయ్యి ఇవ్వొద్దు అని గుసగుసగా అన్నది. సత్యవేణికి అది దెయ్యమో మనిషో ఆలోచించే తీరిక లేదు. మా వాడేడమ్మా అని అడిగింది.

“నా చోట్లో కూర్చున్నాడు,” అన్నది ఆ పాప. “ఎవురో ఒకరు ఉండాల కదా. నువ్వు నాకు రాయి పెట్టినావు, అందుకని నేను వచ్చేసినా.”

ఇంకొకరైతే అరిచేవాళ్లు, పారిపోయేవాళ్లు, మట్టి తీసి చల్లేవాళ్లు. ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని, రోగికి చెప్పినట్టు చెప్పిందంట, ఆ రాయి నీకని పెట్టలేదమ్మా, వాడికని పెట్టాను, తప్పు నాది, నీ రాయి నువ్వే పెట్టుకోవాలి, పద, ఇద్దరం కొత్తగా పెట్టి పైకి వెళదాం అని. నాకు పెట్టడం రాదే అన్నది ఆ పాప. వస్తుందమ్మా, నేను చూపిస్తాను కదా అని, ఆవిడ దాని చేతికి పిడికిలంత గుండ్రాయి అందించింది, ఆ చెయ్యే దాన్ని కింద పెట్టింది, పక్కన ఆవిడ తనదీ ఒకటి పెట్టింది. హైమను రాజమ్మకు అప్పజెప్పి, ఆ చల్లటి చెయ్యే పట్టుకుని మళ్లీ కొండెక్కింది. పున్నమి దగ్గర రోజులు, వెన్నెల ఉంది.

వాసు ఎర్రబండ మీద మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, వెలుగులేని పడమర వైపు చూస్తూ కూర్చుని ఉన్నాడు. భయం లేదు, ఏడుపు లేదు. ఇంకాసేపు ఉంటే పొద్దు మళ్లీ వస్తుందంటమ్మా అన్నాడు. ఆవిడ తల తాకి చూసింది. వెచ్చగా ఉంది. ఎత్తుకుని దిగింది. వెనకాల చిన్న అడుగులు చెట్టు దాకా వచ్చాయి.

వాసు తన తెల్లరాయి తీసుకుని జేబులో వేసుకున్నాడు, వాడు పారేస్తాడా? సత్యవేణి తనది తీసింది. ఆ పాప మాత్రం గుండ్రాయి పక్కన నిలబడి, ఊళ్లో దీపాలు చూస్తూ, మా ఇల్లు యాడుంది అని అడిగింది. రాజమ్మకు ఆ ఇల్లు తెలుసు. కప్పు పోయి మొండిగోడలే మిగిలాయి. సత్యవేణికి మాట నోటిదాకా వచ్చింది, మా ఇంటికి రా తల్లీ అని. చంకలో కొడుకును చూసింది, పక్కన కూతురిని చూసింది, ఆ మాట బయటికి రాలేదు. ఇప్పుడు వద్దమ్మా అన్నది. ఆ పాప ఏడవలేదు. సరే అన్నట్టు తలూపి, రాయి తీయకుండానే, వచ్చిన దారినే పైకి పోయింది.

ఇంక రాయి ఉండిపోయింది కదా, పద్ధతి ప్రకారం ఊరివాళ్లు కాగడాలు పట్టుకుని ఎక్కారు, ఈసారి కొండంతా వెతికారు. ఎవరూ దొరకలేదు. ఆ రాయి ఎవరూ తీయలేదు, తీయాల్సిన చెయ్యి వేరే కదా. అప్పటినుంచే సందెవేళ ఆ చెట్టు కిందికి జనం పోవడం మానేశారు, గడ్డికి అవతలి వైపు దారి చేసుకున్నారు. ఒక్క సత్యవేణి మాత్రం పోయేది. పిల్లలకు అన్నం పెట్టి, గడియ పెట్టి, గడియ ఒకటికి రెండుసార్లు చూసుకుని, రాజమ్మకు చెప్పి, చెట్టు దగ్గర నిలబడి, పొద్దుపోయిందమ్మా అని పైకి ఒక్క పిలుపు పిలిచేది. పలికేవాళ్లు లేరు. రాయి అట్లాగే ఉండేది. ఆ ఒక్క మాట చెప్పలేకపోయానే అని రాజమ్మ దగ్గర చాలాసార్లు అన్నదంట. నీకుండేది ఇద్దరు బిడ్డలు, నువ్వు చేసింది సరే అని రాజమ్మ అనేది. ఆవిడకు అది సరిపోయేది కాదు.

ఆ తర్వాత ఆవిడకు బదిలీ వచ్చింది, సొంత జిల్లాకే. సామాను బస్సు మీదికి ఎక్కించాక, పిల్లల్ని రాజమ్మ దగ్గర నిలబెట్టి, ఇప్పుడే వస్తానండీ అని చెట్టు వైపు పోయింది. పొద్దు ఇంకా గూకలేదు. అక్కడ ఏమన్నదో ఎవరికీ తెలియదు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం కుడిచెయ్యి పక్కకు కొంచెం దించి, మెల్లగా, చిన్న అడుగులు వేస్తూ వచ్చింది. బస్సు ఎక్కేముందు అలవాటుగా తలలు లెక్కపెట్టింది, హైమ మీద చెయ్యి వేసింది, వాసు మీద వేసింది, ఆ తర్వాత ఇంకొంచెం కిందికి వంగి, ఏమీ లేని చోట కూడా వేసింది. కండక్టరు ఎంతమంది అని అడిగాడు.

“నేను, పిల్లలు ముగ్గురండీ,” అన్నది.

కండక్టరు పిల్లల్ని చూశాడు, ఆవిడ మొహం చూశాడు, మంచివాడు, అడిగినన్ని టికెట్లూ చింపి ఇచ్చాడు. మర్నాడు పొద్దున రాజమ్మ ధైర్యం చేసి పోయి చూస్తే చెట్టు కింద రాయి లేదు.

అయితే ఇంకేం, దెయ్యం పోయింది కదా, ఎర్రబండ ఎక్కొచ్చు కదా అంటారు మీరు. ఆ పాప చెప్పిన మాట మరిచిపోయినట్టున్నారు, అక్కడ ఎవరో ఒకరు ఉండాలని. ఇప్పుడు ఆ చోటు ఖాళీగా ఉంది. ఖాళీ కనబడితే చాలు తువ్వాలేసి కూర్చునే అలవాటు మీకు బస్సుల్లో ఉంటుంది. ఇక్కడ వద్దు. దొనగట్టు దగ్గర చూసుకోండి, లేదంటే ఏనుగుబండ మీద చూసుకోండి, అక్కడ పొద్దు కొంచెం తొందరగా పోతే పోయింది, రేపు మళ్లీ వస్తుంది. ఎవరి రాయి వాళ్లు పెట్టండి. ఆ శనక్కాయలు అయిపోయాయా, ఇంకొన్ని తెప్పించనా?